వేళ్లకు వచ్చిన చట్టం: లాసెట్‌తో నా అనుభవం

మా అమ్మాయి ఎంసెట్ ఫారం నింపుతుంటే మొదలైంది ఇదంతా. పరీక్ష పేరు ఇప్పుడు ఈఏపీసెట్ అయింది కానీ మా ఇంట్లో ఇంకా ఎంసెటే.

2024 మార్చి. హనుమకొండలో కోర్టుకు ఎదురుగా నాకొక చిన్న షట్టరు ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మెషిను. పదిహేడేళ్లుగా జాబ్ టైపింగ్ చేస్తున్నాను. వకాలత్, అఫిడవిట్, చెక్ బౌన్సు నోటీసు, మెయింటెనెన్సు పిటిషను, ఇంజంక్షన్ పిటిషను, బెయిలు. లాయరు గారు చిత్తు కాగితం ఇస్తారు, నేను కొట్టి ఇస్తాను, పేజీకి ఇంత అని తీసుకుంటాను. చాలాసార్లు చిత్తు కూడా ఉండదు. "పాతది తీసి పేర్లు మార్చు" అంటారు, అంతే.

ఆ రోజు పాప నా పక్క కంప్యూటరులో కూర్చుని ఫారం నింపుతోంది. మా షట్టరుకు రోజూ వచ్చే జూనియర్ లాయరు మేడమ్ అది చూసి, "అక్కా, మీది డిగ్రీ అయింది కదా. పాపతో పాటు మీదొకటి నింపుకోండి, లాసెట్‌ది" అన్నారు. లా కాలేజీల్లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష అది.

"ఈ వయసులోనా మేడమ్?"

"మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి వయసు పట్టింపు లేదు. డిగ్రీలో మార్కులు చూస్తారంతే. ఓసీలకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40."

నాకు కాకతీయ యూనివర్సిటీ దూరవిద్యలో చేసిన బీకాంలో 51 శాతం ఉంది. వయసు 39. ఫారాలు నింపడం అలవాటైన చెయ్యి కాబట్టి పెద్దగా ఆలోచించకుండానే నింపేశాను. ఫీజు 900 రూపాయలు. మా ఆయనకు రాత్రి చెప్తే, "పోతే తొమ్మిది వందలు, రాయి" అన్నారు. ఆయన ఆటో నడుపుతారు. తొమ్మిది వందలంటే ఒక రోజు గిరాకీ. ఆ మాట ఊరికే అనలేదని నాకు తెలుసు.

నింపడంలో ఒక్కచోట ఇరుక్కున్నాను. పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు పుట్టింటిది, ఆధార్‌లో అత్తింటిది. నేను అలవాటుగా ఆధార్ చూసి కొట్టేశాను. మర్నాడు మేడమ్ చూసి తల పట్టుకున్నారు. మెమోలో ఎలా ఉంటే అలాగే ఉండాలి, లేకపోతే రేపు సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో తిప్పలు. కరెక్షన్‌కి అవకాశం ఇచ్చినప్పుడు మార్చుకున్నాను. పెళ్లయిన ఆడవాళ్లు ఎవరైనా రాస్తుంటే ఈ ఒక్కటి ముందే చూసుకోండి. ఊళ్లో అందరి అఫిడవిట్లలో "అలియాస్" అని కొట్టేది నేనే, నా దాంట్లో నేనే తప్పు కొట్టాను.

ఇంకో గడి విసుగు తెప్పించింది. ఏ తరగతి ఏ ఊళ్లో చదివావని వరుసగా అడుగుతుంది. స్థానికత తేల్చడానికట, 85 శాతం సీట్లు స్థానికులకు. తిట్టుకుంటూ నింపాను. నెల తర్వాత రాజ్యాంగం చదువుతూ 371-డి దగ్గర ఆగిపోయాను. 1973లో 32వ సవరణతో వచ్చిన అధికరణం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదువుల్లోనూ ఉద్యోగాల్లోనూ స్థానికుల వాటా కోసం. నేను తిట్టుకున్న గడి అదే. రాజ్యాంగం అంటే ఢిల్లీ సంగతి అనుకునేదాన్ని, అది నా ఫారంలోనే ఉంది.

ఇక అసలు కథ. పరీక్ష 120 బిట్లు, 90 నిమిషాలు. మొదటి భాగంలో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30. రెండోది కరెంట్ అఫైర్స్, 30. మూడోది న్యాయశాస్త్రం చదవడానికి నీకు ఒడుపు ఉందా అని చూసేది, 60. తప్పు జవాబుకు మార్కులు కోసెయ్యరు. క్వాలిఫై కావాలంటే 42 రావాలి, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. ఇదంతా విన్నాక నాకు ధీమా వచ్చింది. సగం పేపరు లా అట. పదిహేడేళ్లు కోర్టు ముందు కూర్చున్నదాన్ని, నాకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

ఓ ఆదివారం పాత సంవత్సరం పేపరు ప్రింటు తీసుకుని, సెల్‌ఫోన్లో గంటన్నర అలారం పెట్టుకుని రాశాను. 43 వచ్చాయి. గట్టెక్కింది ఒక్క మార్కుతో. అందులో లా భాగంలో 60కి 21. పాప కీ చూసి దిద్దుతూ మొదట నవ్వింది, తర్వాత నా ముఖం చూసి ఆపేసింది.

ఎందుకలా అయిందని రెండు రోజులు ఆలోచించాను. సెక్షన్ 138 అనగానే నా వేళ్లు పరిగెత్తుతాయి. బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందాక 30 రోజుల్లో నోటీసు, అది అందాక 15 రోజుల గడువు, అది దాటాక నెలలోపు ఫిర్యాదు. తేదీలు తప్పితే నేనే లాయరుకు చెప్తాను. అయితే పేపరులో అడిగింది అది కాదు. ఒప్పందం కావాలంటే ఏమేం ఉండాలి? ప్రతిపాదన అంటే ఏమిటి, కేవలం పిలుపు అంటే ఏమిటి? నేను వందల దావాల్లో "అగ్రిమెంట్" అని కొట్టాను. అదెప్పుడు అగ్రిమెంట్ అవుతుందో, ఎప్పుడు కాదో ఒక్కసారీ అడగలేదు. అడగాల్సిన అవసరం నాకు లేదు కూడా. వేళ్లకు చట్టం వచ్చింది, నాకు రాలేదు.

కోచింగ్ గురించి ఎక్కువ చెప్పను. ఒకచోట 4,000 కట్టి చేరాను. ఇంటర్ అయిన పిల్లలు రాసే ఐదేళ్ల కోర్సు బ్యాచ్‌లోనే మమ్మల్నీ కూర్చోబెట్టారు. సార్ బాగానే చెప్పేవాడు కానీ సాయంత్రం ఐదింటికి క్లాసు. నాకు ఐదింటికే గిరాకీ, రేపు ఫైల్ చేయాల్సినవన్నీ అప్పుడే వస్తాయి. మూడు వారాలు వెళ్లి మానేశాను. డబ్బులు తిరిగి అడిగితే "మెటీరియల్ ఇచ్చాం కదా మేడమ్" అన్నారు. ఆ మెటీరియల్ నా దగ్గర జిరాక్స్ తీస్తే నాలుగు వందలు కూడా కాదు.

తర్వాత నా చదువంతా షట్టరులోనే సాగింది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పది వరకు, గిరాకీ మొదలయ్యే లోపు. మళ్లీ మధ్యాహ్నం భోజనాల వేళ అరగంట. రాత్రి ఇంట్లో చదవాలని ఎన్నిసార్లు ప్లాను వేసుకున్నా పుస్తకం ముఖం మీద పడేది.

ఏ భాషలో చదవాలనేది పెద్ద చిక్కు. నేను తెలుగు మీడియం. పరీక్షలో ఇంగ్లిషు, తెలుగు రెండూ తెర మీద కనిపిస్తాయి కాబట్టి తెలుగులోనే చదువుదామని తెలుగు పుస్తకాలు తెచ్చుకున్నాను. మొదటి వారంలోనే బెదిరిపోయాను. మా కోర్టు తెలుగు వేరు. వాది, ప్రతివాది, ముద్దాయి, జామీను, వాయిదా, దావా, డిక్రీ, స్టే. పల్లె నుంచి వచ్చే ముసలవ్వకు కూడా ఈ మాటలు తెలుసు. పుస్తకం తెలుగులో టార్టు అంటే అపకృత్యం. హైకోర్టులో అడిగే రిట్ ఆదేశాల పేర్లు చూస్తే, హెబియస్ కార్పస్ అంటే బందీ ప్రత్యక్ష, మాండమస్ పరమాదేశం, సెర్షియొరారి ఉత్ప్రేషణ, కోవారంటో అధికార పృచ్ఛ. హైకోర్టులో రిట్ వేయాలని వచ్చినవాళ్లకు నేనే ఎన్నో అఫిడవిట్లు కొట్టాను, ఒక్క లాయరు నోట కూడా ఉత్ప్రేషణ అనే మాట వినలేదు. లాటిన్ అర్థం కాదని తెలుగు చేశారు, ఆ తెలుగు కోసం ఇంకో నిఘంటువు కావాలి.

అయినా ఒకటి చెప్పాలి. "బందీ ప్రత్యక్ష" మాత్రం నాకు బాగా నచ్చింది. మనిషిని పట్టుకుపోయారు, తెచ్చి కళ్ల ముందు నిలబెట్టు. రెండు మాటల్లో మొత్తం ఉంది. "అధికార పృచ్ఛ" కూడా అంతే, ఏ అధికారంతో ఆ కుర్చీలో కూర్చున్నావని అడగడం. చివరికి నేను చేసుకున్న ఏర్పాటు ఇది: భావం తెలుగులో చదవడం, పేరు ఇంగ్లిషులో గుర్తుపెట్టుకోవడం, ప్రశ్న మాత్రం రెండు భాషల్లోనూ చూడటం. తేడా వస్తే ఇంగ్లిషు ప్రశ్ననే ప్రామాణికంగా తీసుకుంటారని నిబంధనల్లోనే ఉంటుంది.

లా భాగంలో నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టినవి సూత్రం ఇచ్చి సంఘటన ఇచ్చే ప్రశ్నలు. పైన ఒక న్యాయసూత్రం ఉంటుంది. కింద ఒక చిన్న కథ. ఆ సూత్రాన్ని ఆ కథకు అతికిస్తే ఏమవుతుందో చెప్పాలి. చూడటానికి తేలిక. కానీ కోర్టు దగ్గర పనిచేసేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది, కథ వినగానే "ఇది నిలబడదు", "దీంట్లో రాజీ అవుతుంది" అని తీర్పు చెప్పేస్తాం. సూత్రం చదవకుండానే జవాబు పెట్టేసేదాన్ని. పదింట ఆరు తప్పు.

ఒక ఉదాహరణ చెప్తాను. దొంగతనం అంటే ఒకరి స్వాధీనంలో ఉన్న కదిలే వస్తువును వాళ్ల సమ్మతి లేకుండా, దురుద్దేశంతో కదిలించడం. ఇది సూత్రం. ఒకతను గడియారం రిపేరుకు ఇచ్చాడు. రిపేరు డబ్బులు బాకీ ఉన్నాడు. దుకాణదారు డబ్బు వచ్చేదాకా గడియారం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇతను చాటుగా తన గడియారం తాను తెచ్చుకున్నాడు. దొంగతనమా, కాదా? నేను ఏమాత్రం తడుముకోకుండా కాదు అని పెట్టాను. కీలో అవును అని ఉంది. మర్నాటి దాకా మింగుడు పడలేదు. తర్వాత చూస్తే పాత ఐపీసీ, అంటే భారత శిక్షాస్మృతి, 378 కిందే దాదాపు ఇదే ఉదాహరణ ఉంది. వస్తువు ఎవరిది అని కాదు అడిగేది, ఎవరి స్వాధీనంలో ఉంది అని.

రాత్రి అన్నం తింటూ మా ఆయనకు చెప్పాను. ఆయన ఆటో అప్పుడు నిజంగానే మెకానిక్ దగ్గర ఉంది, మూడు వేలు బాకీ.

"నా బండి నేను తెచ్చుకుంటే దొంగతనం ఎట్లయితది?"

"స్వాధీనం ఆయనది."

"ఆర్‌సీ నా పేరు మీద ఉన్నది గదా."

"ఆర్‌సీ కాదు, స్వాధీనం."

కొంచెంసేపు ఆలోచించి, "అయితే రేపు పైసలు ఇచ్చే తెస్తా తియ్యి" అన్నారు. నా చదువు వల్ల ఇంట్లో జరిగిన మొదటి మేలు అది.

ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను. కథ చదవకముందే సూత్రం మీద వేలు పెట్టి రెండుసార్లు చదవాలి. సూత్రంలో ప్రతి మాటనూ విడగొట్టాలి. కదిలే వస్తువా? చెట్టు భూమిలో ఉన్నంతసేపూ కాదు, నరికాక అవును. స్వాధీనం ఎవరిది? సమ్మతి ఉందా? ఉద్దేశం ఏమిటి? ఒక్కటి తప్పినా నేరం లేనట్టే. నాకు తెలిసిన చట్టానికీ పైన ఇచ్చిన సూత్రానికీ తేడా ఉన్నా సూత్రం చెప్పిందే వినాలి. మనసులో ఉన్న జడ్జిని బయట కూర్చోబెట్టడానికి నాకు నెలన్నర పట్టింది.

కేసులు మాత్రం కథల్లా చదివాను, అది నాకు తేలిక. 1932 నాటి స్కాట్లాండ్ కేసు, జింజర్ బీరు సీసాలో నత్త. సీసా కొన్నది స్నేహితురాలు, తాగింది కేసు వేసినావిడ. కొనలేదు కాబట్టి ఒప్పందం లేదు. అయినా తయారీదారుకు బాధ్యత ఉంటుందన్నారు. 1893లో పొగ ఉండల కంపెనీ, మా మందు వాడినా జబ్బు చేస్తే 100 పౌండ్లు ఇస్తామని ప్రకటన ఇచ్చి, ఒకావిడకు నిజంగానే జబ్బు చేస్తే అదంతా ప్రచారం కోసం అంది. కోర్టు ఊరుకోలేదు, ఆ డబ్బు ఇవ్వాల్సిందే అంది. 1903లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసులకు లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు, మైనరు ఇల్లు తాకట్టు పెట్టిన కేసు. మైనరుతో ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు.

బాల్ఫోర్ కేసు దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. 1919. భర్తకు సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంక) ఉద్యోగం, భార్యను ఇంగ్లండ్‌లో ఉంచి నెలకు 30 పౌండ్లు పంపుతానన్నాడు, తర్వాత మానేశాడు. మొగుడూపెళ్లాల మధ్య ఇలాంటి మాటలు ఒప్పందాలు కావు, చట్టబద్ధం చేయాలనే ఉద్దేశం వాటిలో ఉండదు అన్నారు. జవాబు పెట్టమంటే పెడతాను, మార్కు తెచ్చుకుంటాను. కానీ మెయింటెనెన్సు కోసం నా బల్ల ముందు కూర్చుని ఏడ్చే ఆడవాళ్లను రోజూ చూసేదాన్ని. "నెలనెలా పంపుతానన్నాడమ్మా" అనే మాట ఎన్నిసార్లు కొట్టానో. మన దగ్గర అందుకు వేరే చట్టం ఉంది కాబట్టి సరిపోయింది.

రాజ్యాంగం కేసుల్లో నన్ను లాక్కెళ్లింది గోలక్‌నాథ్. 1967, పదకొండు మంది జడ్జీలు, ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరోవైపు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్నారు. ఆ ఆరుగురికి ముందు నిలిచిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు మన రాజమండ్రి మనిషి. ఆ ఏడాదే రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. 1973లో కేశవానంద భారతి వచ్చి దాన్ని మార్చింది, పదమూడు మంది, 7-6. సవరించవచ్చు, మౌలిక స్వరూపాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఈ రెండింటినీ బట్టీ పట్టకుండా ఒకదాని తర్వాత ఒకటిగా, వాదనకు జవాబు వాదనలా చదివితే తేదీలు వాటంతటవే నిలిచిపోయాయి.

ఆ ఏడాదికే ప్రత్యేకమైన గొడవ ఒకటి ఉంది. 2023 డిసెంబరులో మూడు కొత్త నేర చట్టాలు పార్లమెంటులో ఆమోదం పొందాయి. అమలు 2024 జూలై 1 నుంచి. మా పరీక్ష జూన్ 3న. అంటే పరీక్ష రాసే రోజుకు ఐపీసీ బతికే ఉంది, కానీ నెలలో పోతుంది. ఏది చదవాలి? 302 హత్య అనాలా, 103 అనాలా? మోసానికి 420 అని చిన్నపిల్లలు కూడా తిట్టుకునే నంబరు, ఐపీసీ బదులు వచ్చే భారతీయ న్యాయ సంహితలో అసలు 420వ సెక్షనే లేదు. మొత్తం 358తో అయిపోతుంది, మోసం 318లో ఉంది. పాత ఐపీసీకి 511 ఉండేవి.

నాకు అన్నిటికంటే తిక్క పుట్టించింది 482. పాత సీఆర్‌పీసీలో, అంటే నేర కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టంలో, 482 అంటే హైకోర్టులో కేసు కొట్టేయమని వేసే క్వాష్ పిటిషను. ముందస్తు బెయిలు 438. దాని బదులు వచ్చే కొత్త నాగరిక్ సురక్షా సంహితలో ముందస్తు బెయిలే 482! క్వాష్ 528కి పోయింది. నా కంప్యూటరులో "482" అనే ఫోల్డరులో పదిహేడేళ్ల క్వాష్ పిటిషన్లు ఉన్నాయి. పరీక్ష సంగతి పక్కన పెట్టి ఆ ఫోల్డర్ల గురించే బెంగ పట్టుకుంది. రెండు వరుసల్లో పాత నంబరు, కొత్త నంబరు రాసిన ఒక తెల్ల కాగితం గోడకు అంటించాను. అది నా కోసం అంటించుకున్నది. వారం తిరిగేలోపు లాయర్లు ఫోన్లో ఫోటో తీసుకుపోవడం మొదలుపెట్టారు.

మెంటల్ ఎబిలిటీకి గురువు మా పాప. సంఖ్యల వరుసలు, దిక్కులు, గడియారాలు దానికి ఎడమ చేత్తో పని. నాకు రక్తసంబంధాల ప్రశ్నల దగ్గర వింత ఇబ్బంది వచ్చింది. ఇంగ్లిషులో అంకుల్ అంటే బాబాయి, పెదనాన్న, మేనమామ, మేనత్త భర్త అందరూ. బ్రదర్ ఇన్ లా అంటే బావ, బావమరిది, మరిది, తోడల్లుడు కూడా కావచ్చు. తెలుగులో వెయ్యగానే ఎవరో ఒకరిని ఎంచుకోవాలి. మన వరసలు ముందే మనసులో ఉండటంతో ప్రశ్నలో లేని చుట్టాన్ని తెచ్చిపెట్టేదాన్ని. "అమ్మా, పేర్లు మర్చిపో. బాణం గుర్తులు వేసుకో, ఆడకు గుండ్రం, మగకు చతురస్రం" అంది పాప. ఆ ఒక్క కిటుకుతో రెండు మూడు మార్కులు పెరిగాయి.

కరెంట్ అఫైర్స్‌కి నాకు కోర్టు ముందు టీకొట్టే లైబ్రరీ. రెండు పేపర్లు వస్తాయి, పది గంటలకు నలిగిపోతాయి. అందుకే ఎనిమిదిన్నరకే చదివేసేదాన్ని. నోట్సు రాసుకున్నది మాత్రం లాతో ముడిపడినవే ఎక్కువ. 2023 డిసెంబరులో 370 రద్దు మీద సుప్రీంకోర్టు తీర్పు, 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్లు చెల్లవన్న తీర్పు. మహిళా రిజర్వేషన్ దగ్గర నేను రెండుసార్లు తప్పు చేశాను. బిల్లు 128వది, చట్టం అయ్యాక అది 106వ సవరణ. బిల్లుల లెక్క వేరు, సవరణల లెక్క వేరు. ఆ ఏడాది భారతరత్నలు అయిదుగురికి, అందులో పీవీ గారు ఒకరు. పీవీ గారి గురించి వరంగల్ వాళ్లను అడగక్కర్లేదు అనుకోండి.

ఏప్రిల్‌లో ఒక పది పన్నెండు రోజులు మొత్తం వదిలేశాను. మోడల్ పేపర్లలో 43 నుంచి 58 దాకా వచ్చి, మళ్లీ 52కి జారింది. దానికి తోడు ఎండలు, షట్టరు రేకు కింద మధ్యాహ్నం కూర్చోలేం. మా అత్తమ్మ, "బిడ్డ చదువుకునే టైమ్‌ల నువ్వు చదువుతా అంటే వంట ఎవరు చెయ్యాలె?" అంది ఓ రోజు. తప్పుగా అనలేదు, నిజంగానే అడిగింది. నేను ఏమీ అనలేదు, పుస్తకం తీసి బీరువా మీద పెట్టాను. దాన్ని మళ్లీ కిందికి దించింది పాపే. మే నెలలో దాని పరీక్ష అయిపోగానే, "ఇక నీ వంతు. పొద్దటి వంట నాది" అంది. మే అంతా సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. గిరాకీ పడిపోయింది, చేతిలో డబ్బు లేదు, సమయం మాత్రం దండిగా ఉంది. నా చదువులో అసలు చదువు ఆ నెలే. రెండు రోజులకో పేపరు రాశాను. తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన ఎందుకు పోయిందో ఒక మాట రాసుకున్నాను: "తెలియదు", "తొందర", "నాకు తెలుసు అనుకున్నా". నెలాఖరుకు లెక్క చూస్తే మూడో రకమే ఎక్కువ.

జూన్ 3, సోమవారం. ముందు రోజు రాష్ట్ర అవతరణ పండుగ, మర్నాడు పార్లమెంటు ఎన్నికల కౌంటింగు. ఊరంతా ఆ మాటలే. మా సెంటరు ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీ. ఒక్క నిమిషం ఆలస్యమైనా రానివ్వరు కాబట్టి మా ఆయన రెండు గంటల ముందే దింపారు. గేటు ముందు నాకంటే పెద్దవాళ్లు చాలామంది కనిపించారు. రిటైరైనట్టున్న ఒక పోలీసాయన, ఇద్దరు టీచర్లు, ఎవరో రెవెన్యూలో పనిచేసే ఆయన. చంటిబిడ్డను తల్లి చేతికిచ్చి లోపలికి వెళ్లిన ఒకమ్మాయి. నేనొక్కదాన్నే వింత అనుకున్నాను, అక్కడ వింత ఎవరూ లేరు.

లోపల వేలిముద్ర, ఫోటో, కఠినమైన తనిఖీ. సీట్లో కూర్చున్నాక ఇన్విజిలేటరు చెప్పిన మొదటి మాటకు నాకు నవ్వొచ్చింది. "కీబోర్డు ఎవరూ ముట్టుకోకండి. ముట్టుకుంటే లాక్ అయిపోతుంది. మౌస్ మాత్రమే." టైపు హయ్యర్ పాసయ్యి, పదిహేడేళ్లు కీబోర్డు మీదే బతికినదాన్ని. దాని ముందు కూర్చోబెట్టి చేతులు దూరంగా పెట్టుకో అంటున్నారు. అలవాటు కొద్దీ వేళ్లు దాని మీదికే వెళ్తుంటే ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, దాని మీద దుపట్టా కప్పుకుని కూర్చున్నాను.

120 ప్రశ్నలకు 90 నిమిషాలంటే ఒక్కోదానికి 45 సెకన్లు. నేను ముందు లా భాగం చేశాను, తల చల్లగా ఉన్నప్పుడే. తర్వాత కరెంట్ అఫైర్స్, చివర్లో లెక్కలు. సెక్షన్ల నంబర్ల గురించి నేను పడిన బెంగంత పెద్దగా ఏమీ లేదు. సూత్రం ఇచ్చిన ప్రశ్నల దగ్గర తెర మీద వేలు పెట్టలేను కాబట్టి మౌస్ బాణం గుర్తును ఒక్కో మాట మీదా ఆపుకుంటూ చదివాను. రెండు చోట్ల తెలుగు ప్రశ్న తిరకాసుగా అనిపిస్తే ఇంగ్లిషు చూశాక తేలింది. ఆఖరి పది నిమిషాలకు పదకొండు ప్రశ్నలు మిగిలాయి. మైనస్ మార్కులు లేవు కదా, తెలియని వాటికి కూడా ఏదో ఒకటి నొక్కి పెట్టాను. ఒక్కటి కూడా ఖాళీ వదల్లేదు.

ఆ నెలలోనే ఫలితాలు వచ్చాయి. 70 దాటాయి. ర్యాంకు నాలుగు అంకెలు. పాపకు వచ్చిన ర్యాంకు అయిదు అంకెలు కాబట్టి ఇంట్లో ఆ వారం ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. కౌన్సెలింగు తర్వాత ఊళ్లోనే ఒక కాలేజీలో సీటు వచ్చింది, సర్టిఫికెట్లు చూసిన ఆయన ఇంటిపేరు దగ్గర ఆగి, మెమో చూసి తలూపి పక్కన పెట్టాడు.

సీటు కంటే ముందు, జూలై 1 గురించి చెప్పాలి. అదీ సోమవారమే. కొత్త చట్టాలు అమల్లోకి వచ్చిన రోజు. షట్టరు తీసేసరికే ఒక సీనియర్ లాయరు గారు వచ్చి కూర్చున్నారు. చాలా ఏళ్లుగా నా దగ్గరే కొట్టిస్తారు.

"ఏమ్మా, ముందస్తు బెయిలు ఒకటి. 438 పాతది తీసి పేర్లు మార్చు, అర్జంటు."

ఫైలు తెరిచాను. కర్సర్ 438 పక్కన మిణుకుతోంది. వేళ్లు కీబోర్డు మీద ఉన్నాయి.

"సార్, నేరం ఎప్పటిది?"

"జూన్ 20. ఎందుకు?"

"నేరం జూన్‌ది, పిటిషను ఇవాళ వేస్తున్నాం. పైన పాత 438 కొట్టమంటారా, కొత్త 482 కొట్టమంటారా?"

సార్ కళ్లజోడు తీసి నన్ను చూశారు. గోడ మీద కాగితం చూశారు. "ఆగమ్మా, ఒకళ్లను కనుక్కుంటా" అని ఫోను తీసుకుని బయటికి వెళ్లారు. ఆయన తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఏ సెక్షను కొట్టాలో చెప్పారు, కొట్టి ఇచ్చాను. నాలుగు పేజీలు, మామూలు రేటే తీసుకున్నాను.